గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ

ముందుగా చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. అరవై దాటాక అక్షరాలు దిద్దాను. మా అక్షరాల్లో గీతలు ఎక్కువ. అటు పడాల్సిన గీత ఇటు పడుతుంది, ఎక్కడో ఒక చుక్క మరిచిపోతాను. రాయడం కూడా నెమ్మదే. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీద గంజి పొంగి చల్లారిపోతుంది. అయినా షుయిషెంగ్ పెళ్లినాటి సంగతి నేనే రాయాలని కూర్చున్నాను. ఇంకెవరైనా చెబితే అందులో వంటగది ఉండదు.

మాది వెయ్‌షాన్ సరస్సు ఒడ్డున రెల్లు కోసుకునే ఊరు. మా దగ్గర ఎవరింట్లో శుభకార్యం జరిగినా ముందు తేలాల్సింది వంటలు కాదు, కుర్చీలు. గుమ్మానికి ఎదురుగా, వెనక గోడకి ఆనించి ఉండే రెండు కుర్చీలు పెద్దవి. తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడు అందరిలోకీ చిన్నవాడు. సారా పోయడం, గిన్నెలు అందుకోవడం వాడి పని. చేప పళ్ళెం బల్ల మీద దించినప్పుడు తల ఎవరి వైపు ఉంటే ఆ పూటకి ఆయనే పెద్ద. ఆయన కప్పెత్తి తాగేదాకా ఆ చేపని ఎవరూ ముట్టరు.

అంత గొప్ప కుర్చీ కదా అని రమ్మనగానే వెళ్ళి కూర్చునేవాడిని ఊరంతా నవ్వుతుంది. వద్దనాలి. మళ్ళీ రమ్మంటారు, మళ్ళీ వద్దనాలి. అలా మూడుసార్లు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లోనే ఇద్దరు పెద్దమనుషులు ఆ కుర్చీ దగ్గర చేతులు పట్టుకుని పెనుగులాడారు.

“మీరు కూర్చోండి.”

“మీరుండగా నేనా? ఎంతమాట!”

“వయసులో పెద్దవారు, కాదనకండి.”

“వయసుదేముంది? వరసకి మీరు నాకు బాబాయి అవుతారు. బాబాయి ముందు నేను కూర్చుంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు.”

లాగడంలో ఒకాయన చొక్కా గుండీ తెగి చేప పులుసులో పడింది. వేడివేడిగా నేను పంపిన చేప చల్లారి పైన కొవ్వు పేరుకుంది. చివరికి మా బావగారు లేచి, ఒకాయన భుజం పట్టుకుని కుర్చీలోకి నొక్కేశారు. అప్పుడుగానీ గొడవ తీరలేదు.

మా బావగారంటే మా ఆయనకి అన్న. పేరు యెన్ చెంగ్‌లి. పెళ్లికైనా చావుకైనా ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరికి ముందు మొక్కాలో తేల్చేది ఆయనే. ఊరు ఊరంతా ఆయన మాట మీద లేస్తుంది, ఆయన మాట మీద కూర్చుంటుంది. మనిషి చెడ్డవాడు కాదు. పద్ధతి తప్పితే మాత్రం అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతారు.

ఈ కుర్చీల లెక్కలో ఆడవాళ్ళం ఎక్కడా రాము. అతిథులున్న రోజు మేం వంటగదిలో నిలబడే తింటాం. నా చేతుల మీదుగా ఎన్ని చేపలు ఆ బల్ల మీదికి వెళ్ళాయో నాకే తెలియదు. “తల ఎవరి వైపు తిప్పమంటారు?” అని గుమ్మంలోంచి అడగడం, చెప్పినవైపు తిప్పడం, వెనక్కి రావడం. అయితే ఒక్కరోజు ఉంటుంది. కొడుకు పెళ్లినాడు తల్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. కొత్త జంట మోకరిల్లి నుదురు నేలకి ఆనిస్తారు. కోడలు రెండు చేతులతో టీ అందించి, తొలిసారి వరస పెట్టి పిలుస్తుంది. మా ఊళ్ళో ఆడదాని జీవితంలో కుర్చీ అంటే అదే.

నేను షుయిషెంగ్‌ని కనలేదు. వాణ్ని కన్నావిడ జ్వరంతో పోయిన మరుసటేడు నేను ఆ ఇంటికి వచ్చాను. అప్పటికి వాడు నా నడుం దాకా కూడా లేడు. మొదటిరోజే నన్ను “పిన్నీ” అన్నాడు. తర్వాత కూడా అలాగే పిలిచాడు. నాకు పిల్లలు పుట్టలేదు. వాడి పిలుపు మార్చమని నేనూ అడగలేదు.

వసంతంలో సమాధులు ఊడ్చే పండగ వచ్చినప్పుడల్లా మా ఆయన తెల్లారకుండానే పడవ మరమ్మతు పెట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ సమాధి దగ్గరికి వెళ్ళే ధైర్యం ఆయనకి లేదు. అందుకని పిల్లాణ్ని నేనే తీసుకెళ్ళేదాన్ని. మొదటిసారి వాడు గబగబా ఒక్కసారి నుదురు ఆనించి లేచిపోయాడు.

“ఒకటి కాదురా, నాలుగు.”

“కొత్త ఏడాదికి నీకు ఒకటే పెట్టాను కదా పిన్నీ?”

“నేను బతికున్నానుగా! బతికున్నవాళ్ళకి ఒకటి. దేవుళ్ళకి మూడు. పోయినవాళ్ళకి నాలుగు.”

“అయితే అమ్మకి నీకంటే ఎక్కువా?”

“ఎక్కువే.”

వాడు కాసేపు ఆలోచించి, నాలుగూ పెట్టాడు. చేతులు కలిపి నిలబడటం కూడా అక్కడే నేర్పాను. పండగపూట మగపిల్లలు కుడి పిడికిలి మీద ఎడమచెయ్యి పెడతారు. సమాధి దగ్గర అది తిరగేసి కుడిచెయ్యి పైన ఉంచాలి. వాడు చాలాసార్లు తప్పు పెట్టేవాడు, నేను వేళ్ళు విడదీసి మళ్ళీ పెట్టేదాన్ని.

వాడు పెద్దవాడై బస్తీలో ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో చేరాడు. మా ఆయన పోయాడు. ఇంకొన్నాళ్ళకి షుయిషెంగ్ ఒక పిల్లని ఇంటికి తీసుకొచ్చాడు. పేరు పాన్ యూ. రొట్టెల దుకాణంలో పని. గుమ్మంలో చెప్పులు సరిగ్గా పెట్టుకుని, కుడిచెయ్యి పైన ఉంచి నాకు వంగి నమస్కారం చేసింది. ఆడపిల్లలకి కుడి పైకి రావాలని ఈ రోజుల్లో ఎంతమందికి తెలుసు? సరే, పెళ్లి కుదిరింది. ఊళ్ళో, మా ఇంట్లోనే చేద్దామన్నారు.

పెళ్లికి రెండ్రోజుల ముందు మధ్యాహ్నం బావగారు కుర్చీలు తేల్చడానికి వచ్చారు. నేను టీ పెట్టాను. ఆడపెళ్లివారి మేనమామ ఎక్కడ, ఊరి పెద్దలు ఎక్కడ, సారా పోసే కుర్రాళ్ళు ఎక్కడ, అన్నీ వేలితో బల్ల మీద గీసి చూపించారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

“ఇక పెద్ద కుర్చీలు. ఎడమదాంట్లో మా తమ్ముడి ఫొటో పెడదాం.”

“అలాగే బావగారూ.”

“కుడిదాంట్లో షుయిషెంగ్ వాళ్ళమ్మ ఫొటో.”

నేను కూజా మూత సర్దాను.

“నువ్వు పక్కన నిలబడు అమ్మాయ్. వంటగది గుమ్మం దగ్గర. పిల్లలు నీకూ వంగి నమస్కారం చేస్తారు, నేను చెప్తాగా. మొదటి భార్యది ఆ చోటు. ఇది నేను కల్పించింది కాదు. మా తాతలనాటి నుంచీ ఉన్నదే.”

“మీరు కల్పించారని నేననలేదు.”

“బాధపడ్డావా?”

“టీ తాగండి బావగారూ.”

ఆయన కప్పు ఖాళీ అయింది. నేను కూజా ఎత్తి పోశాను. మా దగ్గర సారా అయితే అంచు దాకా పోస్తారు. టీ మాత్రం ముప్పాతికకి కాస్త కిందే ఆపాలి. నిండా పోశామంటే ఇక బయల్దేరండి అని వచ్చినవాళ్ళతో అన్నట్టే. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ రోజు నా చెయ్యి ముప్పాతిక దగ్గర ఆగలేదు. టీ అంచు దాకా వచ్చి, అంచు మీద కాస్త ఉబ్బి నిలబడింది.

ఆయన ఆ కప్పు వంక చూశారు. నేనూ చూశాను. కావాలనే పోశానా అంటే నాకే తెలియదు. ఆయన ముందుకి వంగి, కప్పు ఎత్తకుండానే, ఒలకకుండా పెదవులతో కాస్త పీల్చారు. తర్వాత లేచి, చేతులు కలిపి, “వస్తానమ్మాయ్” అని వెళ్ళిపోయారు. మామూలుగా అయితే చీకటి పడేదాకా కబుర్లు చెప్పే మనిషి.

మర్నాడు ఆయన భార్య చియావ్ అక్క తామర దుంపలు తరగడానికి వచ్చింది. వస్తూనే నవ్వు.

“ఊరందరినీ కూర్చోబెట్టే మనిషిని ఒక్క కప్పుతో లేపేశావటగా!”

“నవ్వకు అక్కా. ఏమన్నారు?”

“ఏమీ అన్లేదు. అదే నాకు భయంగా ఉంది. పొద్దున్నించీ వాకిట్లో బాతుల్ని లెక్కపెడుతున్నాడు.”

“అయితే ఏముంది?”

“మాకు బాతులు లేవే!”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగాక అక్క కత్తి పక్కన పెట్టింది.

“నీకు కూర్చోవాలనుందా?” అంది.

ఈ ఊళ్ళో ఆడవాళ్ళని ఎవరూ అలా అడగరు. “ఉంది” అన్నాను. “ఆవిడ చోటు లాక్కోవాలని కాదక్కా. ఆవిడ సమాధి మీద గడ్డి ఏనాడూ పెరగనివ్వలేదు నేను. కానీ వాణ్ని పెంచింది నేనని ఒక్కసారి నలుగురి ముందు తేలితే బాగుండనుంది. అంతకంటే ఏమీ లేదు.”

“మరి వాడికి చెప్పకపోయావా?”

“కూర్చోబెట్టమని నోరు తెరిచి అడిగితే అది మర్యాద ఎలా అవుతుంది?”

అక్క మళ్ళీ కత్తి తీసుకుంది. ఆ తర్వాత దుంపల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు.

పెళ్లిరోజు పొద్దున్నే టపాకాయల పొగ వంటగదిలోకి కొట్టింది. నేను చేపల పొలుసు తీస్తున్నాను. పెద్ద గండు చేప, ఇంకా తోక కొడుతోంది. గుమ్మంలోంచి చూస్తే నట్టిల్లు కనిపిస్తుంది. రెండు కుర్చీల్లో రెండు ఫొటోలు, వాటికి ఎర్ర గుడ్డ. ఆవిడ ఫొటోలో నవ్వు నాకు బాగా తెలుసు. ప్రతి వసంతంలోనూ నేనే తుడిచేదాన్ని. ముందే అనుకున్నాను, ఏడవకూడదని. ఏడిస్తే, నేను వేపుడికి కారం ఎక్కువ వేశాననుకుంటారు.

ఆడపెళ్లివారు వచ్చారు. పాన్ యూ ఎర్ర బట్టల్లో ఉంది. బావగారు పక్కన నిలబడి గొంతెత్తి పిలుపు ఇస్తున్నారు.

“ఆకాశానికీ భూమికీ మొక్కండి!”

ఇద్దరూ మొక్కారు.

“అమ్మానాన్నలకి మొక్కండి!”

షుయిషెంగ్ చాప మీద మోకరిల్లాడు. పాన్ యూ కూడా మోకరిల్లింది. కానీ వాడి నుదురు కిందికి దిగలేదు. తలెత్తి బావగారి వైపు చూశాడు.

“పెదనాన్నా, ఒకటా, నాలుగా?”

“ఏంటీ?”

“మొక్కు. బతికున్నవాళ్ళకి ఒకటి, పోయినవాళ్ళకి నాలుగు అని పిన్ని చెప్పింది. ఇక్కడ ఎన్ని పెట్టమంటారు?”

వెనకనుంచి ఒక ముసలావిడ గొణిగింది.

“పెళ్లినాడు నట్టింట్లో నాలుగు మొక్కులా! అవి చావింట్లో పెట్టేవి. ఆ పిల్ల ఏం కావాలి?”

“అయితే ఒకటి పెట్టమనండి, పోతుంది” అన్నాడు ఇంకెవరో.

“పోయినవాళ్ళకి ఒకటి పెడతారా? బుద్ధుందా నీకు?”

ఆడపెళ్లివారి మేనమామ చేతులు కట్టుకుని బావగారి మొహం చూస్తున్నాడు. నేను చేప తోక పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాలుగు పెట్టడం అశుభం. ఒకటి పెట్టడం అపచారం. ఆ కుర్చీల్లో ఫొటోలు పెట్టేటప్పుడు ఊళ్ళో ఒక్కరికీ ఈ సంగతి తోచలేదు. కూర్చునే చోటు గురించే తప్ప మొక్కేవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించలేదు.

నేను బావగారి వంక చూశాను. అన్నంలో రాయి తగిలిన మొహం కాదు అది. ఆకలిగా ఉన్నా ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషి మొహం. తర్వాత మెల్లగా ముందుకి వచ్చి, తల వంచి, రెండు చేతులతో తమ్ముడి ఫొటో తీశారు. గోడ దగ్గర పూర్వీకుల పేర్లు రాసిన పలకలుండే పొడుగుబల్ల మీద పెట్టారు. మళ్ళీ వచ్చి ఆవిడ ఫొటో కూడా అంతే మర్యాదగా తీసి పక్కనే పెట్టారు.

“ఈ మొక్కులు సమాధి దగ్గరివి” అన్నారు. “రేపు పొద్దున్నే నేనే తీసుకెళ్తాను. నాలుగూ అక్కడ పెట్టండి. ఈ కుర్చీలు బతికున్నవాళ్ళవి.”

అని తిన్నగా వంటగది గుమ్మం దాకా వచ్చారు. ఆ మనిషి మా వంటగది గుమ్మంలో నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

“రా అమ్మాయ్.”

“వద్దు బావగారూ. చేతులనిండా పొలుసు.”

“కడుక్కుని రా.”

“ఆ చోటు నాది కాదు. నేనిక్కడే బాగున్నాను.”

“రెండైంది. ముచ్చటగా మూడోసారి కూడా అనెయ్, ఆ పని అయిపోతుంది. వంట చల్లారిపోతోంది.”

జనం నవ్వారు. బావగారు నా చొక్కా చెయ్యి పట్టుకున్నారు, పెద్దమనుషుల చొక్కా పట్టుకుని లాగినట్టే. అప్పుడు నాకు తెలిసింది. ఆ కుర్చీ వద్దని ఎంతమంది పెనుగులాడటం చూశానో! కాదనడానికి కూడా ముందు ఎవరో ఒకరు రమ్మనాలి కదా. నా జన్మలో కుర్చీ వద్దనే అవకాశం అదే మొదలు. అందుకే మూడోసారి కాస్త తీరిగ్గా అన్నాను.

“నేను తగను బావగారూ.”

“తగుతావు. నడు.”

చియావ్ అక్క నా చేతిలో చేప లాక్కుని నా చేతుల మీద నీళ్ళు పోసింది. నట్టింట్లోకి వెళ్ళి కుడివైపు కుర్చీలో కూర్చున్నాను. పెద్దల ముందు కుర్చీ నిండా కూర్చోకూడదని మాకొక పద్ధతి ఉంది. ముందు అంచు మీద, సగంలో కూర్చోవాలి. నేను అలాగే అంచు మీద కూర్చున్నాను. వెనక సగం ఆవిడకి వదిలేశాను. ఎడమ కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయన ఉన్నా ఎలాగూ మాట్లాడే మనిషి కాదు, ఆ ఖాళీ నాకు కొత్తగా అనిపించలేదు.

“అమ్మకి మొక్కండి!” అన్నారు బావగారు. ఆ గొంతు ఎప్పటంత గట్టిగా లేదు.

షుయిషెంగ్ చేతులు కలిపాడు. ఎడమచెయ్యి పైన ఉంది. ఎవరూ దిద్దకుండానే. నుదురు చాపకి ఆనించాడు. పక్కన ఆ పిల్ల నుదురు కూడా ఆనింది. వాడు మళ్ళీ లేవడానికి కాస్త ఆలస్యమైంది. ఒకటే మొక్కు. బతికున్నవాళ్ళకి పెట్టే ఆ ఒక్కటి.

పాన్ యూ రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని నా మోకాళ్ళ ఎత్తుకి పైకెత్తింది.

“టీ తీసుకోండి అత్తయ్యా.”

రెండు చేతులతో అందుకున్నాను. నా బొటనవేలికి ఒక చేప పొలుసు ఇంకా అంటుకునే ఉంది, ఎండలో మెరుస్తోంది. ఆ పిల్ల చూసింది, చూడనట్టు తల వంచింది. కప్పులో టీ ముప్పాతికకి కాస్త కిందే ఉంది.

షుయిషెంగ్ ఇంకో కప్పు పట్టుకున్నాడు.

“పిన్నీ, టీ తాగు.”

రెండూ తాగాను. రుచి గుర్తులేదు. వేడిగా ఉందని మాత్రం గుర్తు. తాగాక లేచి వంటగదిలోకి వెళ్ళిపోయాను. అక్క వేపితే చేప మాడుతుందని నాకు తెలుసు. ఆ రోజు చేప తల ఆడపెళ్లివారి మేనమామ వైపే తిప్పాం. అది ఆయన హక్కు. నేను గుమ్మంలోంచి అడగాల్సిన పని కూడా లేకపోయింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక బావగారు ఒక్కరే వాకిట్లో కూర్చుని ఉంటే టీ తీసుకెళ్ళాను. పోస్తుంటే ఆయన కప్పులోకే చూస్తూ ఉన్నారు. ముప్పాతిక దగ్గర ఆపాను.

“అయితే ఇవాళ కూర్చోవచ్చన్నమాట” అన్నారు.

“ఎంతసేపైనా కూర్చోండి బావగారూ.”

“మొన్న నీ కప్పు చూశాక తిండి సహించలేదమ్మాయ్. తప్పు చేశానని తెలుసు. ఏ పద్ధతిని పట్టుకుని దిద్దుకోవాలో తోచలేదు. చివరికి వాడే అందించాడు.” కప్పు చేతిలోకి తీసుకుని, “వాడికి ఆ లెక్క ఎవరు నేర్పారు?” అన్నారు.

“నేనే. వాళ్ళమ్మ సమాధి దగ్గర.”

ఆయన తలూపి టీ తాగారు. చీకటి పడేదాకా కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే అన్న మాట ప్రకారం పిల్లల్ని సమాధుల దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆవిడకి నాలుగు మొక్కులూ ముట్టాయి. పాన్ యూ చేతులు ఎలా తిప్పి పెట్టాలో తడబడితే ఈసారి షుయిషెంగే దిద్దాడు.

తిరిగొచ్చేటప్పుడు రెల్లు గట్టు మీద వాణ్ని అడిగాను.

“నిన్న నట్టింట్లో నిజంగానే తెలీక అడిగావా?”

“తెలీక కాదు పిన్నీ. పెదనాన్నకి ఎదురుచెబితే మర్యాద కాదు. ప్రశ్న అడిగితే తప్పులేదుగా!”

“ఇది నీకెవరు నేర్పారు?”

“ఎవరో ఒకావిడ” అన్నాడు. అని నా చేతిలోని గంప తీసుకుని ముందుకి నడిచాడు.

ఇప్పటికీ వాడు నన్ను పిన్ని అనే పిలుస్తాడు. ఇంటికెవరైనా వస్తే గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ నాకు చూపిస్తాడు. నేను వద్దంటాను. వాడు మళ్ళీ రమ్మంటాడు. మూడోసారికి వెళ్ళి అంచు మీద కూర్చుంటాను.

రాసింది చు ఫెంగ్‌షియా, వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది బస్తీలో, కోడలి రొట్టెల దుకాణం వెనక గదిలో. కిటికీ తెరిస్తే సరస్సు మీది గాలి తగులుతుంది.